పుంజు కోసం కుట్టిన జేబు

ఇల్లు వదిలి వెళ్ళిపోతూ పొలికార్పియో సంచిని తీసుకెళ్ళాడు, పెళ్ళాన్ని వదిలేశాడు. ఇద్దరిలో ఎవరు పోవడం తనకి ఎక్కువ నష్టమో నెమెసియా లిమాచి కొన్నాళ్ళపాటు ఏ పక్షమూ వహించకుండా ఆలోచించింది. సంచే అని తేలాక ఆమె మనసు కుదుటపడింది.

అది కొళాయి పనివాడి సంచి. లా పాస్ నగరంలో పాత చర్చి గోడ వారన కూచునే కొళాయి మేస్త్రీల వరసలో పొలికార్పియో ఒకడు. ఒకడంటే ఒకడున్నర, అంత లావు మనిషి. వంటింటి తొట్టి కింద దూరే ఒళ్ళు కాదు. అందుకని కింద దూరేది నెమెసియా. పైన నిలబడి, ఈ ప్రభుత్వం ఎన్నాళ్ళుంటుందో ఇంటివాళ్ళతో చర్చించేది పొలికార్పియో. నీళ్ళు ఆగగానే "భలే మేస్త్రీవయ్యా!" అనే మాట పైనున్న చెవిలోకి పోయేది. కిందున్న చెవిలోకి మురికినీళ్ళు పోయేవి.

ఒకరోజు అతను, బస్టాండులో ఊదారంగు మొక్కజొన్న జావ అమ్మే ఆవిడతో కలిసి, కింద వేడి నేలల్లో ఉన్న శాంతా క్రూస్‌కి దిగిపోయాడు. అక్కడ బీరు చల్లగా, మనుషులు వెచ్చగా ఉంటారని అతని నమ్మకం. ఇంట్లో సూట్‌కేసు లేదు కనక చొక్కాలన్నీ పనిసంచిలో కుక్కుకున్నాడు. పనిముట్లను ముందురోజే నెమెసియా కడిగి మిద్దెమీద ఆరబెట్టింది. మెట్లెక్కి తెచ్చుకునే ఓపిక అతనికి లేదు. అలా పైపు పానాలు, కటింగ్ ప్లేయరు, రంపం, ఉలి, సుత్తి, ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పని పిల్లల్లాగా, మిద్దెమీద వరసగా ఎండ కాగుతూ మిగిలిపోయాయి.

నెమెసియా వాటిని బిడ్డల్నీ సరుకుల్నీ వీపున మోసుకునే తన చారల అవాయో గుడ్డలో పోసి మూటకట్టి, వీపున వేసుకుని, రెండు జడలూ వెనక ముడేసుకుని, గుండ్రటి నల్లటోపీ పెట్టుకుని, వెళ్ళి మొగుడి చోట్లో కూచుంది.

ఆ వరసలో మనుషుల మొహాలు ఎవరూ చూడరు. సంచుల మొహాలు చూస్తారు. పొద్దున్నే ప్రతి మేస్త్రీ తన సంచిని ముందు పెట్టుకుని, దాని నోరు తెరిచి, పానాలు పైకి కనబడేలా నిలబెట్టి, అన్నిటికన్నా పైన మెరిసే కొళాయి ఒకటి పూవులా గుచ్చుతాడు. కొళాయి చెడిపోయిన ఇళ్ళవాళ్ళు చేపల బజారులో నడిచినట్టు మెల్లగా నడుస్తూ, సంచుల్లోకి తొంగి చూసుకుంటూ పోతారు. సంచి మరీ కొత్తదైతే వీడికి పని రాదంటారు. మరీ చినిగితే వీడికి పని దొరకదంటారు. ఎవారిస్తో అనేవాడు కొత్త సంచి కొన్నప్పుడల్లా దానికి బండి గ్రీజు పూసి, తాడు కట్టి, వాలు వీధిలో కుక్కని తిప్పినట్టు రెండు సాయంత్రాలు ఈడ్చేవాడు. వరసకి పెద్ద దోన్ క్రిసాంతో. ఆయన తోలు సంచి గనుల రోజుల నాటిది, రంగులో ఆయనకీ దానికీ తేడా ఉండదు. ముగ్గురు పెళ్ళాలు మారారు గానీ సంచి మారలేదని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ సంచుల మధ్య నెమెసియా మూట, పంతుళ్ళ పటంలో దొంగలా ఉండేది. వచ్చేవాళ్ళు వంగి, "పచ్చి బఠాణీలు ఎట్లా ఇస్తున్నావు కసేరా?" అని బజారు బేరగాళ్ళ పిలుపుతో పలకరించేవాళ్ళు. ఒక ముసలమ్మయితే బిడ్డ మొహం చూద్దామని గుడ్డ కొస తప్పించింది. లోపల పెద్ద పైపు పానా పళ్ళు బయటపెట్టి కనబడింది.

"తండ్రి పోలికే," అని ముసలమ్మ సిలువ గీసుకుని వెళ్ళిపోయింది.

వరసంతా నవ్వింది. ఎవారిస్తో కళ్ళు తుడుచుకుంటూ, "పాలిచ్చావా దానికి, దోన్యా నెమెసియా?" అన్నాడు.

"ఇచ్చాను. నీ సంగతేంటి, నిన్నింకా మాన్పించలేదా మీయమ్మ?" అంది నెమెసియా.

దోన్ క్రిసాంతో ఒక్కడు మాత్రం నవ్వలేదు. ఆయన ఒకరోజు వచ్చి ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు.

"చూడమ్మా, నీ మీద నాకేం లేదు. నీ మొగుడికంటే నీకే పని ఎక్కువొచ్చని ఈ గోడకి కూడా తెలుసు. కానీ కార్నివాల్ మంగళవారం చల్యా ఉంది. ఆరోజు అందరూ సంచులు తెరవాలి, భూమితల్లికి బీరు పొయ్యాలి. తెరవడానికి సంచి లేనోడికి చల్యా లేదు. చల్యా లేనోడికి చోటు లేదు. చోటుకోసం ఆ మూల మీద ఎంతమంది ఎండలో నిలబడున్నారో నువ్వే చూస్తున్నావుగా."

"మూట పనికిరాదా?"

"మూట విప్పుతారు. సంచి తెరుస్తారు. మూటకి నోరేదమ్మా? నోరులేని దానికి బీరెట్లా తాగిస్తావు?"

ఆ చోటు నాలుగు బండరాళ్ళంతే. శీతాకాలం ఎండ ముందుగా వచ్చి కూచునేది వాటిమీదే, వాన వెనక్కి తగ్గాక ముందుగా ఆరేదీ అవే. ఇన్నేళ్ళూ ఆమె ఆ రాళ్ళని మొగుడి వీపు వెనకనుంచి చూసింది. ఇప్పుడు వాటిమీద తను కూచుంటే, చల్లటి వీధిలో తనకోసం ఎవరో కొంచెం వెచ్చదనం దాచిపెట్టినట్టుంది. అది పోగొట్టుకుంటే మళ్ళీ ఎవరో ఒకరి వెనకనే నిలబడాలి.

పైగా మూట మీద ఆమెకే నమ్మకం పోయిన సంగతొకటి జరిగింది. సొపొకాచీ పేటలో ఒక మేడింట్లో పని చేస్తుంటే పాత కొళాయి మెడ చేతిలోకి ఊడొచ్చింది. నీళ్ళు కప్పుదాకా లేచాయి. తడిసిన అవాయో ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పేసరికి పనిముట్లన్నీ ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని కలగాపులగంగా బయటపడ్డాయి. ప్లేయరు సబ్బుతో పాటు జారి అలమర కిందికి పోయింది. టోపీ ఎక్కడ పెట్టాలో తెలీక నేలమీద పెడితే, ఆ టోపీ పట్టీలో దాచుకున్న రబ్బరు వాషర్లన్నీ తేలుకుంటూ గుమ్మం దాటాయి. ఇంటావిడ చెప్పు ఒకటి పడవలా మెట్లు దిగి వెళ్తుంటే, దాని వెనకే పిల్లి చాలా ఆసక్తిగా నడిచింది. వంటిల్లంతా ఒక నిమిషం అందంగానే ఉంది. ఇంటావిడకి మాత్రం ఆ అందం కనబడలేదు.

వరస చివర నారింజరసం తీసే దోన్యా ప్రిమితివా అన్నీ విని తేల్చేసింది. "అలాసీతాస్‌కి పద. చిన్నది కొంటే పెద్దదొస్తుంది. ఎకెకోని అడుగు."

జనవరి నెలలో ఊరంతా ఆ సంతకి పోతుంది. ఇల్లు కావాలనుకున్నవాడు అరచేతిలో పట్టే ఇల్లు కొంటాడు, లారీ కావాలనుకున్నవాడు బొటనవేలంత లారీ కొంటాడు. సరిగ్గా మధ్యాహ్నం గంటలు మోగే వేళకి దానికి పొగవేయించుకుంటే, ఏడాది తిరిగేలోగా అసలుది వస్తుందని లెక్క. ఇచ్చేది ఎకెకో. మట్టితో చేసిన పొట్టి దేవుడు, బుగ్గలు ఎర్రగా, మీసం నల్లగా, సిగరెట్టు పెట్టడానికి నోరు ఎప్పుడూ తెరుచుకుని.

సంతలో నెమెసియా ఆ బొమ్మని ఎగాదిగా చూసింది. దేవుడి మెడకి పిండి బస్తా వేలాడుతోంది. మోచేతికి గిటారు, నడుముకి చీపురు, చెవి దగ్గర నూడిల్స్ పొట్లం, వీపున రేడియో. అన్నీ దారాలతో కట్టేసున్నాయి.

"వీడికే సంచి లేదు. అన్నీ ఒంటికి కట్టుకుని తిరుగుతున్నాడు. నాకేం ఇస్తాడు?" అంది.

"నోర్ముయ్, వింటాడు," అంది ప్రిమితివా.

"చెవి మీద నూడిల్స్ ఉన్నాయిగా, వినపడదు."

చిన్న సంచులు చేసేవాడు దోన్ ఇలారియోన్. సీసా అడుగులంత మందం కళ్ళద్దాలు, పిచ్చుక కాళ్ళలాంటి వేళ్ళు. ఆయన బల్ల మీద మేస్త్రీ సంచులు వరసగా ఉన్నాయి, ఒక్కోటి అగ్గిపెట్టంత. నెమెసియా ఒకదాన్ని తీసుకుని గోటితో అడుగు నొక్కింది.

"అడుగు మెత్తగా ఉంది. తడినేల మీద పెడితే నీళ్ళు పీల్చేస్తుంది."

"ఇది దేవుడికమ్మా," అన్నాడు ఆయన. "తడినేల ఎక్కడుంది?"

"దేవుడి దగ్గర మొదలుపెట్టేటప్పుడే తప్పు పెడితే నాకు పెద్ద తప్పు పంపిస్తాడు. ఇదేమో, పట్టీ పైనే కుట్టేశావు. పైనుంచి లాగితే కుట్టు ఊడుతుంది. పట్టీ కిందనుంచి చుట్టూ తిరిగి రావాలి, సంచి దానిలో కూచోవాలి, ఉయ్యాల్లో కూచున్నట్టు. ఈ జేబులన్నీ బయటే ఉన్నాయి, బస్సులో దొంగలకి భోజనం పెట్టడానికా? లోపల పెట్టు. ఒక్కో పానాకీ ఒక్కో గది ఉండాలి. చూడక్కర్లేకుండా చెయ్యి పెడితే దొరకాలి. నోరు తెరిస్తే తెరిచే ఉండాలి, మాటిమాటికీ మూసుకోకూడదు."

"ఇంకేమైనా కావాలా దొరసానికి?"

"ప్రస్తుతానికి ఇంతే."

దోన్ ఇలారియోన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన దగ్గర బేరమాడినవాళ్ళున్నారు గానీ కుట్టు చూసినవాళ్ళు లేరు. ఎదురుగా కూచోబెట్టి కొత్తది కుట్టడం మొదలెట్టాడు. సన్నటి తీగతో నోటి చుట్టూ చట్రం వేశాడు, అడుక్కి రబ్బరు ముక్క అతికించాడు, లోపల దారపు పోగంత గదులు కుట్టి, ఒక్కో గదిలో తగరంతో చేసిన చిట్టి పానాలు, చిట్టి సుత్తి, చిట్టి రంపం నిలబెట్టాడు. నెమెసియా ఊపిరి బిగబట్టి చూసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే ఇంకా పుట్టని రోజొకటి నిద్రపోతున్నట్టుంది.

అప్పుడే గంటలు మోగాయి. జనం అంతా ఒకేసారి తోసుకున్నారు. పొగవేసేవాడు బొగ్గుల మీద సాంబ్రాణి వేసి, చిట్టి సంచి మీద సారా చిలకరించి, పూలరేకులు జల్లి, ఏదో గొణుగుతుండగా, ప్రిమితివా తన రవికలోంచి రంగురంగుల మట్టి పుంజు బొమ్మ ఒకటి తీసి ఆ సంచి పక్కన పట్టీలో దోపేసింది.

"ఇదేంటే?"

"పుంజు. మొగుడు లేని ఆడది పుంజు పెట్టుకోవాలి."

"నేనడిగానా?"

"అడక్కూడదు. వేరేవాళ్ళు ఇస్తేనే పనిచేస్తుంది."

"తీసెయ్!"

"పొగపడ్డాక తీస్తే ఉన్నది కూడా పోతుంది," అన్నాడు పొగవేసేవాడు, కళ్ళు తెరవకుండానే. ఉన్నది ఏమీ లేదు గానీ, ఎందుకైనా మంచిదని నెమెసియా ఊరుకుంది. అక్కణ్ణుంచి చర్చికి వెళ్ళి ఫాదర్ చేత పవిత్రజలం కూడా చల్లించుకుంది. ఆయన సంచినీ పుంజునీ మార్చిమార్చి చూసి, ఏదీ అడక్కుండా చల్లేశాడు. ఆరోజు ఆయన చాలా పుంజుల్ని చూసి ఉన్నాడు.

ఇంట్లో, సంతలోనే కొన్న ఎకెకో ముందు చిట్టి సంచిని పెట్టి, మంగళ శుక్రవారాల్లో నోట్లో సిగరెట్టు ముట్టించింది. దేవుడు చివరిదాకా పీల్చేవాడు. బూడిద కూడా రాల్చేవాడు కాదు. అంతకుమించి ఏమీ చేసేవాడు కాదు.

"పొగగొట్టం," అంది నెమెసియా. చిట్టి సంచిని జేబురుమాల్లో చుట్టుకుని, అసలు సంచి వెతుక్కోవడానికి తనే పైకి, ఎల్ ఆల్తో బజారుకి బయల్దేరింది.

ఆ బజారులో దొరకనిది లేదంటారు. నెమెసియా ప్రతి దుకాణం ముందూ ఆగి, రుమాలు విప్పి, "ఇట్లాంటిది చూపించు, కొంచెం పెద్దది," అనేది. నవ్వేవాళ్ళు నవ్వారు. మొదటివాడు మెరిసిపోతున్న సంచి తీశాడు. దానికి మనిషి చెయ్యగల పాపాలకన్నా ఎక్కువ జేబులున్నాయి. నేలమీద పెట్టగానే అది తాగినవాడిలా పక్కకి ఒరిగిపోయింది. రెండోవాడిది నిలబడింది గానీ, దాని జిప్పు పిసినారి నోరంత తెరుచుకునేది. మూడోవాడు చక్రాల పెట్టె దొర్లించుకొచ్చాడు.

"లాక్కుంటూ పోవచ్చు కసేరా, వీపు నొప్పుండదు!"

"ఈ ఊళ్ళో చక్రాలా? పైవీధిలో వదిలితే నాకంటే ముందు ఏట్లోకి పోతుంది. పండక్కి వెళ్ళి దాన్ని కలుసుకోవాలి."

నాలుగో దుకాణంలో గట్టి కాన్వాసు సంచి ఒకటి ఆమెకి నచ్చింది. నచ్చింది కనక దాన్ని హింసించడం మొదలెట్టింది. రోడ్డుపక్కన రాళ్ళు ఏరి నింపింది. పట్టీ పట్టుకుని ఊపింది. మూత వేసి దానిమీద కూచుంది. కుట్టు దగ్గర వేలు పెట్టి లాగింది. చెవి ఆనించి వింది కూడా.

"కసేరా, కొంటున్నావా, విడాకులిస్తున్నావా?" అన్నాడు దుకాణంవాడు.

అంతలో పట్టీ దగ్గర కుట్టు 'పట్'మంది.

"ఇచ్చేశాను," అంది నెమెసియా.

తోలు కుట్టేవాళ్ళ వీధికి వెళ్తే అక్కడ ఒక్కరికీ తలెత్తే తీరిక లేదు. కార్నివాల్ వచ్చేస్తోంది, వేషాల్లో ఊళ్ళో సగంమంది దయ్యాలు, మిగతా సగం దయ్యాల పెళ్ళాలు. దయ్యాలందరికీ బూట్లు కావాలి, బూట్లకి గజ్జెలు కావాలి. "పండగయ్యాక రామ్మా," అన్నారు అందరూ. పండగయ్యాక ఆమెకి సంచి ఎందుకు?

ఇక మిగిలింది దోన్ ఇలారియోన్. సంత చివరి రోజులు, ఆయన చిట్టి ఇళ్ళని పెద్ద పెట్టెల్లో సర్దుకుంటున్నాడు. విషయం విని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నా జన్మలో నేను పెద్దగా చేసింది ఒక్కటే, మా అబ్బాయి. వాడు కూడా సరిగ్గా రాలేదు."

"చేతకాకనే చిన్నవి చేస్తున్నావని బజార్లో అంటుంటే నేనే నమ్మలేదు," అంది నెమెసియా.

"ఎవడన్నాడు?"

"అందరూ."

ఎవరూ అనలేదు. ఆయన సరుకు ఎక్కడుందన్నాడు. నెమెసియా అన్నీ తెచ్చే ఉంచింది: యుంగాస్ లోయ దారిలో వానలు తిని తిని రాటుదేలిన లారీ టార్పాలిన్, అరగని టైరు ముక్క, పాత బస్సుల్లో ఎవరూ పెట్టుకోని సీటు బెల్టులు, మంచం చట్రంలోంచి తీసిన ఇనప ఊచ. చిట్టి సంచిని ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో ఉన్నవన్నీ ఉన్నట్టేనా?" అని అడిగాడు ఆయన, దాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని.

"అన్నీ. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"సరిగ్గా ఇట్లాగే?"

"పదిసార్లు చెప్పాలా?"

మంగళవారానికి ముందురోజు మధ్యాహ్నం సంచి తయారైంది. దోన్ ఇలారియోన్ గుడ్డ తొలగించగానే నెమెసియా కుట్ల మీదికి వంగింది. అంత చిన్న కుట్లు ఆమె పెళ్ళిబట్టల మీద కూడా చూడలేదు. పెద్దగా కుట్టడం రానివాడు కుట్టాడు కనక టార్పాలిన్ అంచంతా చీమల బారు నడిచినట్టుంది. నాలుగు టైరు పాదాల మీద అది పొట్టేలులా నిలబడింది. నోరు తెరిస్తే ఇనప చట్రం మీద తెరుచుకునే ఉంది. బెల్టు అడుగునుంచి చుట్టూ తిరిగి పైకొచ్చింది. లోపల గదులు, ఒక్కో పనిముట్టుకీ ఒక్కో నిలువు గది, వానాకాలం తేనెపట్టులాగా. నెమెసియా కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. పెద్ద పానా గది ఎక్కడుండాలో అక్కడే ఉంది.

చెయ్యి పక్కకి జరిపితే, బయటివైపు ఏదో ఉబ్బెత్తుగా తగిలింది. గుండ్రటి పొట్ట. దాని పైన ముక్కోణపు మూత. వెనక వైపు పొడుగ్గా, పైకి వంగిన గొట్టంలాంటిది.

"ఇదేంటి?"

"పుంజు."

"ఏ పుంజు?"

"నీ పుంజే." ఆయన చిట్టి సంచి చూపించాడు. పక్కన, పూలరేకుల మధ్య, ప్రిమితివా దోపిన మట్టి పుంజు గర్వంగా నిలబడి ఉంది. "ఇది పొట్టకి, ఇది తలకి, ఇది తోకకి. తోక దగ్గర చాలా కష్టమైంది."

"కొళాయి పనికి పుంజెందుకని అడగాలనిపించలేదా నీకు?"

దోన్ ఇలారియోన్ నొచ్చుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూచున్నానమ్మా. పెళ్ళాం పక్కన నిలబడుండగా ఒక్కడికే సరిపోయే చిట్టి విమానం టికెట్టు కొన్నవాళ్ళున్నారు. ఫాదర్లు చిట్టి పసిబిడ్డ బొమ్మలు కొన్నారు. నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. అడిగితే కోరిక చెడుతుంది."

"కోసెయ్."

"అంతా ఒకటే దారం. ఇది కోస్తే అడుగుదాకా ఊడిపోతుంది."

మంగళవారం పొద్దున చర్చి గోడ వారన సంచులన్నిటికీ కాగితపు తోరణాలు వేలాడుతున్నాయి. బాకాల మోత ఐదు వీధుల అవతలినుంచి గాలిలో ఊగుతూ వస్తోంది. నెమెసియా కొత్త పావడా కట్టుకుని, టోపీ సవరించుకుని, సంచిని తన రాళ్ళ మీద దించింది. నోరు తెరిచింది. పనిముట్లు బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి.

వరసంతా వచ్చి చుట్టూ మూగింది. ఎవారిస్తో పట్టీ లాగి చూశాడు, అడుగు తట్టి చూశాడు, లోపలి గదుల్లో వేళ్ళు పెట్టి చూశాడు. అసూయతో మొహం ముడుచుకుపోతున్న సమయంలో పక్కనున్న ఉబ్బెత్తు అతని కంట పడింది. మొహం విచ్చుకుంది.

"దోన్యా నెమెసియా, దీనికెన్నో నెల?"

గోడ అదిరేలా నవ్వారు. దోన్ క్రిసాంతో కూడా గడ్డం గోక్కునే నెపంతో నోరు దాచుకున్నాడు. అప్పుడే ఆ నవ్వుల వెనకనుంచి, "ఏంటి, నా చోట్లో పండగ నాకు చెప్పకుండానే చేస్తున్నారా?" అని వినబడింది.

పొలికార్పియో. ఎండకి కమిలి, కొంచెం సన్నబడి, భుజాన ఆ పాత సంచి. జావ అమ్మే ఆవిడ పక్కన లేదు.

ప్రిమితివా నెమెసియాని మోచేత్తో పొడిచింది. "చెప్పానా? పుంజొచ్చింది!"

"నేనడిగింది సంచి, వచ్చింది. పుంజుని అడిగింది నువ్వు. తీసుకెళ్ళు."

"నాకొద్దమ్మా, ఇంట్లో ఒకటుంది!"

పొలికార్పియో తన సంచిని నెమెసియా సంచి పక్కనే దించి, రాళ్ళ మీద కూచోబోయాడు. "దోన్ క్రిసాంతో, చల్యాకి సంచి ఉండాలన్నది నియమం. ఇదిగో నా సంచి. ఈ చోటు మా నాన్నది, తర్వాత నాది. ఏమంటారు?"

నవ్వు ఆగిపోయింది. నెమెసియా తన రాళ్ళకేసి చూసింది. ఎండ అప్పుడే వాటిమీదకి వచ్చింది. దోన్ క్రిసాంతో చాలాసేపు రెండు సంచులనీ చూశాడు.

"చోటు ఇతనిదే అన్న మాట నిజం," అన్నాడు చివరికి. "సంచి కూడా ఉంది. సరే, ఇద్దరూ తెరవండి. నియమం అందరికీ ఒకటే."

"ఆవిడది తెరిచే ఉంది," అన్నాడు ఎవారిస్తో. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

పొలికార్పియో సంచి తెరవడానికి కొంచెం తటపటాయించాడు. తెరిచాడు. పూల చొక్కాలు, తలనూనె సీసా, పాటలు వినే డబ్బా, ఒంటి చెప్పు.

"పనిముట్లేవి?" అన్నాడు దోన్ క్రిసాంతో.

"ఇవిగో, ఆవిడ సంచిలో ఉన్నవన్నీ నావేగా! మా నాన్నవి! నా సంచిలో నావి పెట్టుకుంటే సరిపోతుంది."

"న్యాయమే," అంది నెమెసియా. అందరూ ఆశ్చర్యపోయి ఆమెవైపు చూశారు. ఆమెకి మాత్రం ఆ పాత సంచి అడుగున నూనె మరక నల్లగా పాకి ఉండడం కనబడింది. వేడి నేలల చెమ్మకి గుడ్డ నానిన వాసన కూడా తెలిసింది. బజారంతా తిరిగి అన్ని సంచుల అడుగులూ నొక్కి చూసిన మనిషి ఆమె. "పట్టుకో మరి. నోరు వెడల్పుగా పట్టుకో."

పెద్ద పైపు పానా తీసి అందులో వదిలింది. పానా పైనుంచి లోపలికి వెళ్ళి, చొక్కాల్ని పలకరించడానికి కూడా ఆగకుండా, అడుగునుంచి బయటికొచ్చి పొలికార్పియో బొటనవేలి మీద దిగింది.

అతను పెట్టిన కేకకి బాకాల వాళ్ళు ఒక క్షణం ఆపారని తర్వాత చెప్పుకున్నారు.

"అడుగు లేని సంచయితే భూమితల్లికి ఇంకా సుళువు కదా, బీరు తిన్నగా చేరుతుంది," అన్నాడు ఎవారిస్తో.

దోన్ క్రిసాంతో ఈసారి గడ్డం అడ్డం పెట్టుకోలేదు. హాయిగా నవ్వాడు. నవ్వి, బీరుసీసా మూత తీసి నెమెసియా చేతికిచ్చాడు. "పనిముట్లు ఎక్కడ నిలబడితే చోటు అక్కడ. పొయ్యి, మేస్త్రీ."

ఆ మాట ఇన్నేళ్ళూ తొట్టి పైన ఆగిపోయేది. ఈసారి దారి తప్పకుండా కిందికి, ఆమె చెవిదాకా వచ్చింది. నెమెసియా రాళ్ళ నాలుగు మూలలా బీరు పోసింది, సంచి నాలుగు పాదాల మీదా పోసింది. నురుగు ఎండలో మెరిసి రాళ్ళ సందుల్లోకి ఇంకింది. ప్రిమితివా దోసిళ్ళతో రంగుకాగితం ముక్కలు ఎత్తి సంచి మీద కుమ్మరించింది. అవి గదిగదిలోకీ వానలా దిగాయి.

పొలికార్పియో కాలు పట్టుకుని గోడకానుకున్నాడు. "మరి నేనెక్కడ కూచోవాలి?"

"ఆ మూల మీద వరసుంది. చివర నిలబడు. వచ్చే చల్యాకి సంచి తెచ్చుకో," అన్నాడు దోన్ క్రిసాంతో.

"సాయంత్రం... ఇంటికి?" అన్నాడు నెమెసియావైపు తిరిగి, గొంతు తగ్గించి.

"ఇంట్లో కొళాయి బాగానే పనిచేస్తోంది," అంది ఆమె. అయితే అతని చొక్కాలు వీధిలో దొర్లుతుంటే చూడలేక, తన చారల అవాయో పరిచి, వాటినన్నిటినీ అందులో వేసి, గట్టిగా ముడేసి అతని వీపున కట్టింది. అతను కుంటుకుంటూ వాలు ఎక్కుతుంటే, దారిలో ఎవరో ముసలమ్మ గుడ్డ కొస తొలగించబోతూ, "పాపం, బిడ్డకి తల్లి లేదా నాయనా?" అనడం వరసంతా విన్నది.

పుంజు జేబు విషయం ఆ వారంలోనే తేలిపోయింది. ఒక ఇంట్లో తొట్టి కింద దూరబోతూ, ఎప్పటిలాగే టోపీ ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటుంటే, చెయ్యి దానంతటదే ఆ గుండ్రటి పొట్ట దగ్గరికి పోయింది. టోపీ అందులో కొలిచి కుట్టినట్టు కూచుంది. వాషర్ల చుట్టలు తల ఉండాల్సిన చోట, టార్చిలైటు తోక ఉండాల్సిన చోట. అడగాల్సినవన్నీ అడిగిన మనిషి తన నెత్తిమీద ఉన్నదానికి మాత్రం చోటు అడగడం మరిచిపోయింది. ఈ సంగతి ఆమె ప్రిమితివాకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆవిణ్ణి పట్టడం కష్టం.

రంగుకాగితాలు మాత్రం ఎంత దులిపినా పోలేదు. జులైలో, కుండలో నీళ్ళు గడ్డకట్టే చలిలో, ఏదో వంటింట్లో తొట్టి కింద పడుకుని పెద్ద పానా లాగితే దాంతోపాటు రెండు గులాబీరంగు ముక్కలు, ఒక పచ్చది రాలి తడినేల మీద అంటుకుంటాయి. ఇంటివాళ్ళు వంగి చూస్తారు.

"ఇవేంటి మేస్త్రీ? ఎవరిదైనా పెళ్ళా?"

"నా సంచి పుట్టినరోజు," అంటుంది నెమెసియా కిందనుంచి. "కాస్త ఆ కాలు తియ్యండి, నీళ్ళొస్తాయి."